గవ్వ అనుకున్నా!

మాది హైదరాబాద్ మధురానగర్. మాకు సముద్రం అంటే పక్కనున్న ఫిల్మ్‌నగర్ వాళ్లు తీసే పాటల్లో కనిపించేదే. అందుకే సంక్రాంతి సెలవులకి వైజాగ్‌లో పిన్ని వాళ్లింటికి వెళ్లినప్పుడు, పిన్ని కొడుకుని వెంటేసుకుని తెన్నేటి పార్క్ కింద ఉన్న రాళ్ల దగ్గరికి దిగా. అప్పుడు ఆటు సమయం. సముద్రం వెనక్కి తగ్గి, రాళ్ల గుంతల్లో కొంచెం నీళ్లు మిగిలాయి. వీటినే టైడ్‌పూల్స్ అంటారు.

తమ్ముడికి చుక్కలున్న ఒక గుల్ల దొరికింది. నేను గబగబా ఫొటో తీస్తే ఫోన్‌లో యాప్ "గవ్వ" అంది. "జేబులో వేసుకోరా" అన్నా. అంతలో పక్కన వల సర్దుకుంటున్న తాత ఒక్క అరుపు అరిచాడు: "ఒగ్గీ బాబూ! లోపల పురుగు బతికే ఉంది, కుడతాది!"

తర్వాత చదివితే తెలిసింది, అది కోన్ నత్త. బాణం లాంటి పన్నుతో విషం ఎక్కించి వేటాడుతుంది. వీటిలో కొన్ని జాతుల విషానికి మనుషులు కూడా చనిపోయారు. విరుగుడు మందు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు ఎక్కడ జరిగింది? మన సీఎస్ వాళ్లకి తెలిసిందే: క్లాసిఫయర్‌కి మసక ఫొటో ఇచ్చినా దగ్గరగా ఉన్న పేరు ఏదో ఒకటి చెప్తుంది. నేను ఆ పేరు చూశా గానీ, జీవిని చూడలేదు. పేరు చివర్లో రావాలి. ముందు ఇఫ్-ఎల్స్ లాగా ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, ఎక్కడ ఉంది? రాయి పైభాగంలో, తుంపర మాత్రమే తగిలే చోట చిన్న చిన్న నత్తలుంటాయి. మధ్యలో బార్నకిల్స్, ఆల్చిప్పలు. ఎప్పుడూ తడిగా ఉండే కింది భాగంలో సీ అనిమోనీలు, ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు.

రెండు, ఒంటరా, గుంపా? సీ అనిమోనీ, జోఆంథిడ్ రెండూ పువ్వుల్లాగే కనిపిస్తాయి. జోఆంథిడ్లు చాలావరకు అడుగున ఒకదానికొకటి అతుక్కుని, రాయి మీద తివాచీలా పరుచుకుంటాయి.

మూడు, ఆకారం ఏంటి? గవ్వ వీపు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. కింద సన్నటి చీలిక, దానికి రెండువైపులా పళ్లు. కోన్ నత్త ఐస్‌క్రీమ్ కోన్‌లా ఒకవైపు సన్నబడుతుంది. చీలికకి పళ్లుండవు. కానీ తిప్పి చూడటానికి కూడా చేత్తో తీయొద్దు. అనుమానం ఉంటే ముట్టుకోకపోవడమే రూల్. ఖాళీ అనుకున్న గుల్లలో పీత కూడా కాపురం ఉండొచ్చు.

ఒడ్డున మొక్కలకీ ఇదే పద్ధతి. ఇసుక మీద పాకుతూ, మేక గిట్టలా చీలిన ఆకులు, ఊదారంగు పూలు ఉంటే బలబంది తీగ. ముళ్ల బంతి గాలికి దొర్లుకుంటూ పోతే రావణాసురుడి మీసాలు. రెండూ ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి, పీకకండి.

అండమాన్ దీవులకి వెళ్లినా ప్రశ్నలు ఇవే. అక్కడ పగడాలు కూడా ఎక్కువ కాబట్టి అడుగు ఇంకా జాగ్రత్తగా వేయాలి.

వెళ్లే ముందు ఆటుపోట్ల టైమింగ్ చూసుకోండి. ఆటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి పోతాయి, ఎక్కువ జీవులు కనిపిస్తాయి. కెరటాలకి వీపు పెట్టొద్దు.

తమ్ముడు ఇప్పుడు గుల్ల కనిపిస్తే చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూస్తున్నాడట. పిన్ని ఫోన్‌లో చెప్పింది.