విద్యార్థులు - ఉద్యానవనము

పట్టణవాసులకు ఉద్యానవనము చల్లని నీడ వంటిది. సాయంకాలమున వృద్ధులు విశ్రమించుటకును, బాలురు ఆడుకొనుటకును అది తావిచ్చును. దానిని కాపాడు బాధ్యత పురపాలక సంఘముదే యైనను, విద్యార్థుల శ్రమదానము తోడైనచో అది మఱింత శోభిల్లును.

ఇట్టి సేవకు మన దేశమున చక్కని సంప్రదాయము కలదు. 1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించెను. నాటినుండి ఏటేట జూలై మాసమున మొక్కలు నాటుట ఆచారమైనది. గాంధీమహాత్ముని శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, జాతీయ సేవాపథకము వెలసెను. అందు చేరిన కళాశాల విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేండ్లు సేవ చేయవలెను. "నేను కాదు, నీవు" అనునది ఆ పథకపు నినాదము.

అయితే మొక్కను నాటుట ఒక పూట పని. దానిని బ్రతికించుట ఏడాది పని. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతములలో ఈ భేదము స్పష్టముగా కానవచ్చును. పల్నాడు ఎండలకు పేరువడిన సీమ. రెంటచింతలలో వేడిమి 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. ఇచ్చట పలుచోట్ల నేల నల్లరేగడి. అది వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. అప్పుడు లేతవేళ్ళు తెగును. పోసిన నీరు వేళ్ళకందక నెఱ్ఱెలలోనికి జారిపోవును. జూలైలో చప్పట్ల నడుమ నాటిన మొక్క మే మాసమున ఎండిపోవుటకు ఇది యొక కారణము. ఆ వేళకు పాఠశాలలకు సెలవులు; నీరు పోయువారుండకపోవుట రెండవ కారణము.

కావున తోటను బాగుచేయబూనిన విద్యార్థులు మొదట పురపాలక సంఘము అనుమతి పొంది, నీరెక్కడ లభించునో తెలిసికొనవలెను. పిమ్మట చెత్త యేరి, పిచ్చిమొక్కలు పెఱికి, కూలిన నాపరాతి అరుగులను పెద్దల సాయముతో నిలుపవలెను. వేప, కానుగ, నేరేడు ఈ నేలకు తగిన చెట్లు. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గల గోతిని ముందుగనే త్రవ్వి, పశువుల యెరువు కలిపిన మట్టితో నింపి, తొలకరి పిమ్మట మొక్కను నాటవలెను. మేకలు మేయకుండ చుట్టును ముండ్లకంప పాతవలెను. చలికాలము గడచిన పిదప పాదులోని పైమట్టిని అప్పుడప్పుడు గుల్లచేసినచో నెఱ్ఱెలు పూడును. దానిపై ఎండుటాకులు పఱచినచో తేమ త్వరగా ఆరదు.

అన్నిటికంటె ముఖ్యమైనది సెలవుల యేర్పాటు. తోటకు దగ్గఱ నివసించు విద్యార్థులు జట్లుగా ఏర్పడి, వంతులవారీగా నీరు పోయవలెను. ఎవరి వంతు ఏనాడో ముందే వ్రాసి యుంచవలెను. ఉదయమో సాయంకాలమో పోసిన నీరు నేలలో బాగుగా ఇంకును. నడిమధ్యాహ్నము పోసినచో చాలభాగము ఆవిరియగును.

ఇట్లు రెండు మూడు వేసవులు గడచినచో మొక్క వేళ్ళు లోతునకు దిగి, తనకు కావలసిన నీటిని తానే వెదకికొనును. విద్యార్థులు తాము నాటిన మొక్కలను జూలైలో గాక, మరుసటి జూన్ మాసమున లెక్కింపవలెను. అప్పటికి పచ్చగా నిలిచినవే వారు తమ ఊరికిచ్చిన నిజమైన కానుక.