ఏ కట్ట గట్టిది?

పేక అనగానే మన ఇళ్ళలో పెద్దలు ముఖం చిట్లిస్తారు. అయితే రమ్మీలో అదృష్టంకన్న నేర్పు పాలే ఎక్కువని, ఆనాటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 1967లో చెప్పింది.

ఇప్పుడు మా పిల్లల మోజు రమ్మీ కాదు, జపానువారి బొమ్మల పేక. పేరు యుగియో. కజుకి తకహాషి 1996లో ప్రారంభించిన బొమ్మల కథ దీనికి మూలం. 1999లో కొనామీ కంపెనీ ఈ పేకను విడుదల చేసింది.

రమ్మీలో కట్ట అందరిదీ ఒకటే. ఇందులో ఎవరి కట్ట వారే కూర్చుకోవాలి. ముక్కలు 40కి తగ్గకూడదు, 60కి మించకూడదు. ఒకే పేరుగల ముక్కలు మూడుకు మించరాదు. మొదట చేతికి వచ్చేవి అయిదు.

మరి ఏ కట్ట గట్టిది? ఖరీదైన ముక్క ఉన్నదేనంటారు పిల్లలు. లెక్క వేసి చూడండి. 40 ముక్కల కట్టలో ఆ ముక్క ఒక్కటే ఉంటే, మొదటి చేతిలో పడేది నూరాటలలో పన్నెండు పదమూడుసార్లే. మూడుంటే 34 సార్లు. కట్టను 60కి పెంచారా, ఆ మూడూ ఉన్నా 23 సార్లే!

బండలాగుడు పందెం చూసిన ఒంగోలువారికి ఇది వింత కాదు. గిత్త ఎంత మేలుజాతిదైనా జత కుదరనిదే బండ కదలదు. ముక్కకు ముక్క అందివచ్చే కట్టే గట్టిది.

పొట్లం విప్పేదాకా లోపల ఏ ముక్క ఉన్నదో తెలియదు. జూదమంటూ ఉంటే ఆటలోకన్న అక్కడే ఎక్కువ. అబ్బాయి మరో పొట్లానికి డబ్బడిగితే, ముందు ఉన్న నలభైకీ జత కుదిర్చి చూపమనండి.