మణికట్టు తిమ్మిరియు పనివారు కోలుకొనుటయు

చేతిపనివలన జీవించువారికి చేయియే మూలధనము. అట్టి చేయి రాత్రివేళ తిమ్మిరెక్కి నిద్ర లేపుచుండినను, దానిని వాతమనియో బలహీనత యనియో యెంచి యూరకుండుట మన యిండ్లలో సామాన్యము. ఈ బాధ పెక్కుమారులు కార్పల్ టన్నెల్ వ్యాధియై యుండును. దాని స్వభావమును, కోలుకొను విధమును విద్యార్థులును తలిదండ్రులును ఎరిగియుండుట మేలని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మణికట్టునందు 8 చిన్న యెముకలు విల్లువలె వంగి యమరియున్నవి. వానిమీద అరచేతివైపున బలమైన నారపట్టీ యొకటి యడ్డముగా బిగిసియున్నది. ఈ రెంటినడుమ నున్న యిరుకుదారిగుండ వ్రేళ్లను ముడుచు 9 స్నాయువులును, ఒక ముఖ్యమైన నరమును అరచేతిలోనికి బోవుచున్నవి. స్నాయువుల పొరలు ఉబ్బినప్పుడు దారి వెడల్పు కానేరదు గనుక మెత్తనైన నరమే నలుగును. అందుచేత బొటనవ్రేలును, చూపుడువ్రేలును, నడిమివ్రేలును, ఉంగరపువ్రేలిలో సగమును తిమ్మిరెక్కును. చిటికెనవ్రేలికి మాత్రము సామాన్యముగా బాధ యుండదు. ఇది మంచి యానవాలు.

మణికట్టును వంచి, గట్టిగా పట్టి, ఒకే కదలికను గంటలకొలది చేయు పనులును, చేతిని అదరగొట్టు యంత్రములును ఈ యొత్తిడిని హెచ్చించును. మధుమేహము గలవారికిని గర్భిణీ స్త్రీలకును ఇది మరింత సులభముగా వచ్చును.

నర్సాపురము ప్రాంతమున 19వ శతాబ్దమునందు మిషనరీలు నేర్పిన లేసు అల్లికను నేటికిని అనేక స్త్రీలు ఇంటనే చేయుచున్నారు. అల్లినంతకే కూలి గనుక, చేయి ఆగినచో ఆదాయమును ఆగును. ఇట్టి పనులవారు బాధను దాచుకొనుటలో వింత లేదు. కాని దాచినకొలది నరము చెడి, బొటనవ్రేలి మొదటనున్న కండ కృశించును. సూది పట్టుటయు, బొత్తాము పెట్టుటయు కష్టమగును. అట్లు పోయిన బలము పిమ్మట చికిత్స చేసినను పూర్తిగా రాకపోవచ్చును.

వ్యాధి ఆరంభమందే రాత్రులందు మణికట్టును తిన్నగా నిలుపు బద్దకట్టును కొన్ని వారములు ధరించినచో పెక్కుమందికి ఉపశమనము కలుగును. అది చాలనియెడల వైద్యులు స్టెరాయిడ్ సూదిమందు నిత్తురు; కడపట శస్త్రచికిత్సచే ఆ నారపట్టీని కోసి నరముమీది యొత్తిడిని తొలగింతురు.

అయినను చికిత్సతో కథ ముగియదు. శస్త్రచికిత్స పిమ్మట తేలికపని చేయువారు తరచుగా రెండు మూడు వారములలోపలనే పనికి పోగలరు. బరువులెత్తువారికిని, పనిముట్లను బలముగా పట్టువారికిని 6 మొదలు 8 వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె నెక్కువ కాలమును పట్టును. చికిత్స యొక్కటియే యైనను, చేయి తిరిగి మోయవలసిన భారము వేరు. కావున యజమాని కొన్నాళ్లు తేలికపని నిచ్చి, నడుమనడుమ విరామ మొసగినచో పనివాడు త్వరగా తిరిగి రాగలడు. కూలియు అంతగా నష్టపడడు.

ఇంటిలో పనిచేయు తల్లికి యజమాని యెవ్వరు? విద్యార్థులారా, ఆ బాధ్యత మీది. ఆమె రాత్రి లేచి చేయి విదలించుకొనుట చూచితిరేని వైద్యునియొద్దకు తోడ్కొనిపొండు. బట్టలు పిండుటయు, బిందె మోయుటయు మీరు చేయుడి. ఒక అవయవము నొచ్చినప్పుడు తక్కినవి దానిని ఆదుకొనవలెనని మనము దేవాలయమందు వినుచునే యున్నాము గదా.