మూగబోయిన బేస్ గిటారు

జాకో పాస్టోరియస్ అమెరికాకు చెందిన బేస్ గిటారు విద్వాంసుడు. ఆయన వాయించిన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ 1980ల మధ్యకాలంలో ముక్కలుముక్కలైంది. కెవిన్ కౌఫ్‌మన్, జిమ్ హామిల్టన్ అనే నిపుణులు ఆ ముక్కలను అతికించి, దానిని మళ్లీ పలికించారు. అంతగా విరిగిన వాద్యమే కోలుకున్నప్పుడు, ఎవరో వాడి అమ్మేసిన పాత బేస్ పలకలేదని వెంటనే మూలన పడేయనక్కరలేదు.

విద్యుత్ బేస్‌కు వీణకున్నట్లు కుండ ఉండదు. దాని ఒడలు గట్టి చెక్క. తంత్రుల కింద పికప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటాయి. ఉక్కు తంత్రి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, ఆ తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. ఆ స్వల్ప విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచి వినిపిస్తుంది.

బేస్ మూగబోతే పికప్ పోయిందని తొందరపడి కొత్తది కొనేవారున్నారు. చాలాసార్లు లోపం వైరు గుచ్చే జాక్ దగ్గరే ఉంటుంది. దాని స్ప్రింగు వదులవుతుంది, లేదా టంకం ఊడిపోతుంది. మొదట ఆంప్లిఫయరు వైరు తీసేసి, మూత విప్పి అక్కడే చూడాలి. ఆంప్లిఫయరును మాత్రం విప్పరాదు. ఆపిన తరువాత కూడా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

జాక్ బాగుంటే తరువాత పికప్‌ను పరీక్షించాలి. తీగలు విడదీయకముందే ఏ రంగుది ఎక్కడ అతికి ఉందో కాగితంపై గీసుకోవాలి. ఈ చిన్న పని మరిచినవారు సాయంత్రమంతా తల పట్టుకుంటారు. జాజ్ బేస్ పికప్‌కు మల్టీమీటరు ఏడెనిమిది కిలో ఓముల నిరోధం చూపితే తీగచుట్ట తెగలేదన్నమాట. తెగితే తిరిగి చుట్టించాలి. మునుపటి నాదమే వస్తుందన్న హామీ లేదు. కాబట్టి స్క్రూడ్రైవరు మొన దానికి తగలనీయరాదు.

మీట తిప్పినప్పుడు గరగరమంటే లోపలి కార్బన్ పట్టీపై దుమ్ము చేరిందని అర్థం. శుభ్రపరిచే ద్రవం కొద్దిగా చల్లి, మీటను అటూ ఇటూ పలుమార్లు తిప్పితే తరచు ఆ గరగర పోతుంది.

తీగలను తిరిగి అతికేటప్పుడు ముందు అతుకు చోటును వేడిచేసి, దానికి టంకం తాకించాలి. చోటు వేడెక్కకుండా వేసిన టంకం పైకి అంటినట్లే కనిపించి, కొన్నాళ్లకు ఊడుతుంది. చివరగా, తంత్రులను పట్టి ఉంచే బ్రిడ్జి కింది నుంచి వచ్చే ఒంటి తీగను మరువరాదు. అది మీట వెనుక లోహానికి అతకకపోతే, వాయించేవాడు తంత్రులపై చేయి వేసినా హోరు తగ్గదు.