ఎముక మాటున వెన్నుపాము: ఎంఆర్ఐ యంత్రం కథ

శరీరంలోని నీటిలోనూ కొవ్వులోనూ సమృద్ధిగా ఉండే హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాలను పట్టి చిత్రంగా మలచే ఎంఆర్ఐ యంత్రానికి గట్టి ఎముక దాదాపు కనిపించదు. ఖనిజంతో బిగిసిన ఆ ఎముకలో స్వేచ్ఛగా కదిలే హైడ్రోజన్ తక్కువ కావడంతో, వెలువడే కొద్దిపాటి సంకేతం కూడా యంత్రం అందుకునేలోగా ఆరిపోయి, చిత్రంలో ఎముక నల్లగా మిగులుతుంది. అయినా దీర్ఘకాలిక ఎముకల వ్యాధుల ఉపద్రవాలను గుర్తించడంలో దీనికి ప్రత్యేక స్థానం దక్కింది, ఎందుకంటే వ్యాధి సోకిన ఎముక పక్కనున్న మెత్తని కణజాలాన్ని ఎలా నలుపుతున్నదో ఇది చూపగలదు.

ఈ యంత్రానికి పునాది వైద్యంతో నిమిత్తం లేని భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో పడింది. బలమైన అయస్కాంత క్షేత్రంలోని కేంద్రకాలు ఒక నిర్దిష్ట పౌనఃపున్యం, అంటే సెకనుకు ఇన్నిసార్లనే కంపన సంఖ్య, గల రేడియో తరంగాలకే స్పందిస్తాయని 1946లో అమెరికాలో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా నిరూపించి, 1952లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఎలుకల కంతుల్లో ఈ స్పందన సద్దుమణిగే వ్యవధి ఆరోగ్యకరమైన కణజాలంలో కంటే ఎక్కువని 1971లో రేమండ్ డమేడియన్ ప్రకటించగా, క్షేత్ర బలాన్ని చోటునుబట్టి కొద్దికొద్దిగా మారిస్తే సంకేతపు పౌనఃపున్యమే అది వచ్చిన చోటును తెలుపుతుందని 1973లో పాల్ లాటర్‌బర్ చూపాడు. 1977 జూలై 3న డమేడియన్ బృందం మనిషి ఛాతీని చిత్రించడానికి దాదాపు ఐదు గంటలు పట్టింది. ఆ జాప్యాన్ని తగ్గించే గణిత పద్ధతులను రూపొందించిన బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ లాటర్‌బర్‌కూ 2003లో నోబెల్ లభించగా, తనను విస్మరించారని డమేడియన్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి నిరసించాడు.

తెలుగునేలపై ఈ యంత్రం అవసరం స్పష్టంగా కనిపించే వ్యాధి, తాగునీటిలో ఫ్లోరైడ్ మితిమీరడం వల్ల వచ్చే ఫ్లోరోసిస్. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో దీని ఉనికిని 1937లో పరిశోధకుడు షార్ట్ బృందం వెల్లడించింది. తరువాత నల్లగొండ పేరు దీనితో ముడిపడింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంతకు బాగా మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినవారిలో ఎముకలు చిక్కబడడమే కాక, వెన్నుపూసలను కలిపి ఉంచే సంధిబంధనాలు, అంటే ఎముకను ఎముకతో కట్టే పట్టీలు, తామే ఎముకగా మారి వెన్నుపాము సాగే మార్గాన్ని ఇరుకు చేయగలవు. కాళ్లు బిగుసుకుపోవడం, తిమ్మిరి, నడక తడబడడం ఈ ఒత్తిడికి గుర్తులు.

నీరు తెల్లగా కనిపించేలా తీసిన టీ2 చిత్రంలో ఆరోగ్యవంతుని వెన్నుపాము చుట్టూ మస్తిష్కమేరు ద్రవం తెల్లని అంచులా ఉంటుంది. ఒత్తిడి ఉన్నచోట ఆ అంచు చెరిగిపోతుంది, వెన్నుపాములోనే తెల్లని మచ్చ ఏర్పడితే అక్కడ వాపో, నాడీ కణజాలానికి హానో కలిగిందని భావిస్తారు. ఎముకగా మారిన పట్టీల ఆకృతిని సీటీ స్కాన్ మరింత స్పష్టంగా చూపినా, నాడీ కణజాలపు స్థితిని తెలపడంలో ఎంఆర్ఐదే పైచేయి. ఫ్లోరోసిస్‌లో ఇరుకుదనం మెడ వద్దా, వీపు వద్దా, అనేక చోట్లా అన్నది లక్షణాలనుబట్టి మాత్రమే తేల్చడం కష్టం కనుక, హానికర వికిరణం లేకుండా వెన్నెముకనంతటినీ ఒకే పరీక్షలో చూడగలగడం, ఒత్తిడి తొలగించే శస్త్రచికిత్సను ఏ పూసల వద్ద చేయాలో నిర్ణయించడానికి ఆధారమవుతుంది.