గ్యాస్ గోలీ ఏళ్ల తరబడి వేసుకుంటున్నారా? సొంతంగా ఆపేసే ముందు ఒక్కసారి ఇది చదవండి!

పొద్దున లేవగానే పరగడుపున ఒక గోలీ.. ఆ తర్వాతే టీ, టిఫిన్. మన ఇళ్లలో చాలామందికి ఇది రోజూ ఉండే అలవాటే. ఎప్పుడో రెండేళ్ల కింద డాక్టర్ నెల రోజులకు రాసిచ్చిన చీటీ అది. నెల దాటింది, చీటీ పోయింది, గోలీ మాత్రం ఆగలేదు. మెడికల్ షాపుకు వెళ్లి "అన్నా, ఒక షీట్ గ్యాస్ గోలీలు ఇవ్వు" అంటే చాలు, ఇచ్చేస్తారు.

ఇంతలో ఎవరో ఫోన్‌లో ఒక వీడియో పంపిస్తారు. "ఈ గోలీలు వాడితే కిడ్నీలు పోతాయి, ఎముకలు గుల్లవుతాయి" అని. భయపడి ఆ రోజే ఆపేస్తారు. నాలుగో రోజుకు గుండెల్లో మంట రెట్టింపు అవుతుంది. "అమ్మో, ఈ గోలీ లేకుండా నేను బతకలేను" అని మళ్లీ మొదలు!

అసలు ఇక్కడ ఏం జరుగుతోంది? గోలీ మంచిదా, చెడ్డదా? వంటింటి చిట్కాల్లో ఏది పనిచేస్తుంది, ఏది మంటను ఇంకా పెంచుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు మంట ఎందుకొస్తుంది?

అన్నవాహిక, కడుపు కలిసే చోట ఒక కండరం ఉంటుంది. తలుపులాంటిది అనుకోండి. ముద్ద మింగినప్పుడు తెరుచుకుని, వెంటనే మూసుకోవాలి. ఆ తలుపు వదులైనా, అవసరం లేనప్పుడు తెరుచుకున్నా, కడుపులోని యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. కడుపు లోపలి పొర యాసిడ్‌ను తట్టుకుంటుంది. అన్నవాహికకు ఆ రక్షణ లేదు. అందుకే మంట, పుల్లటి తేన్పులు, గొంతులోకి చేదు నీళ్లు.

ఎప్పుడో పెళ్లి భోజనం చేశాక వస్తే అది మామూలే. వారంలో రెండుమూడు రోజులు, నెలల తరబడి వస్తుంటే మాత్రం దాన్ని జీఈఆర్‌డీ అంటారు. పొట్ట దగ్గర బరువు పెరగడం, గర్భం, పొగతాగడం, మద్యం, రాత్రి ఆలస్యంగా తినడం దీన్ని పెంచుతాయి. కొందరిలో కడుపు పైభాగం ఛాతీలోకి కొద్దిగా జారి ఉంటుంది, దాన్ని హయటస్ హెర్నియా అంటారు. పొడి దగ్గు, గొంతు బొంగురు కూడా కొన్నిసార్లు దీని లక్షణాలే.

ఇంకో సంగతి. కొన్ని మందులు కూడా మంటకు కారణం కావచ్చు. ఒళ్లు నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కడుపును దెబ్బతీస్తాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కొందరిలో ఆ తలుపును వదులు చేస్తుంది. అలాగని బీపీ గోలీ మీరే ఆపేయొద్దు, డాక్టర్‌కు చెప్పండి.

మందుల్లో మూడు రకాలు

మొదటిది యాంటాసిడ్. షాపులో దొరికే గులాబీ రంగు సిరప్, నీళ్లలో వేస్తే బుస్సుమనే పొడి ఈ రకమే. ఉన్న యాసిడ్‌ను అప్పటికప్పుడు తగ్గిస్తాయి. నిమిషాల్లో ఉపశమనం, కానీ ఎక్కువసేపు ఉండదు. పొడిలో సోడియం ఎక్కువ. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు జాగ్రత్త పడాలి.

రెండోది ఫామోటిడిన్ లాంటి హెచ్2 బ్లాకర్లు. కొన్ని గంటలు పనిచేస్తాయి. ఒకప్పుడు ఇంటింటా ఉన్న రానిటిడిన్ ఈ కుటుంబానిదే. అందులో ఎన్‌డీఎంఏ అనే మలినం విషయంలో ఆందోళన రావడంతో అమెరికా ఎఫ్‌డీఏ 2020 ఏప్రిల్‌లో దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. మన దేశంలో 2022 అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి కూడా దాన్ని తొలగించారు.

మూడోది పీపీఐలు. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్.. పేరు చివర 'ప్రజోల్' ఉంటే చాలావరకు ఈ రకమే. ఇవి యాసిడ్ తయారుచేసే పంపులనే ఆపేస్తాయి. అన్నవాహికలో పుండ్లు పడినవాళ్లకు వీటికి మించి పనిచేసేవి తక్కువ.

గోలీ వేసుకునే టైమే తప్పు!

మంట వచ్చాక పీపీఐ వేసుకోవడం, అన్నం తిన్నాక వేసుకోవడం.. చాలామంది చేసే పొరపాటు ఇదే. తినడం మొదలుపెట్టినప్పుడే కడుపులోని పంపులు పనిలోకి దిగుతాయి. ఆ టైమ్‌కు మందు రక్తంలో ఉండాలి. అందుకే టిఫిన్‌కు 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోమంటారు. పూర్తి ప్రభావం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఒక్క గోలీకే తగ్గలేదని రెండు వేసుకోవద్దు. మామూలుగా డాక్టర్లు 4 నుంచి 8 వారాల కోర్సు ఇస్తారు, ఆ తర్వాత అవసరం ఉందో లేదో మళ్లీ చూస్తారు. ఆ 'మళ్లీ చూడటం' దగ్గరే మనం ఆగిపోతున్నాం.

మీ షీట్ మీద పేరు చివర 'డి' అనో, 'డీఎస్ఆర్' అనో ఉందా? చాలా బ్రాండ్లలో దాని అర్థం, అందులో డోమ్‌పెరిడోన్ కూడా కలిసి ఉందని. ఇది వాంతులు, వికారం తగ్గించే మందు. గుండె లయ మీద ప్రభావం చూపే ప్రమాదం ఉందని యూరప్ మందుల సంస్థ 2014లో దీన్ని తక్కువ డోసులో, మామూలుగా వారం రోజులకు మించకుండా వాడాలని చెప్పింది. రోజూ వాడుతున్నవాళ్లు, ముఖ్యంగా గుండె సమస్య ఉన్నవాళ్లు, ఇది అవసరమా అని డాక్టర్‌ను అడిగి తీరాలి.

ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుంది?

అటు వీడియోల్లో చెప్పినంత భయమూ అక్కర్లేదు, ఇటు చాక్లెట్‌లా చప్పరించేసేదీ కాదు. ఎక్కువ కాలం వాడినవాళ్లలో విటమిన్ బీ12, మెగ్నీషియం తగ్గడం, ఎముకలు విరిగే ముప్పు కొద్దిగా పెరగడం, పేగు ఇన్ఫెక్షన్లు, అరుదుగా కిడ్నీ వాపు లాంటివి పరిశోధనల్లో కనిపించాయి. కానీ వీటిలో చాలావరకు 'రెండూ కలిసి కనిపించాయి' అనేదే తప్ప, మందు వల్లే వచ్చిందని తేలలేదు. 2019లో వెలువడిన ఒక పెద్ద ట్రయల్‌లో 17 వేల మందికి పైగా పాల్గొన్నారు. దాదాపు మూడేళ్లు పాంటాప్రజోల్ వాడినవాళ్లను, ఉత్తుత్తి గోలీ వాడినవాళ్లను పోల్చి చూస్తే, పేగు ఇన్ఫెక్షన్లు కొంచెం ఎక్కువ కావడం తప్ప పెద్ద తేడా కనిపించలేదు.

అంటే తేలేది ఒకటే. అవసరం ఉన్నవాళ్లకు దీని వల్ల లాభమే ఎక్కువ. అవసరం లేనివాళ్లకు ఊరికే వాడటం దేనికి?

ఆపగానే మంట ఎందుకు పెరుగుతుంది?

ఇది అర్థమైతే సగం భయం పోతుంది. వారాల తరబడి యాసిడ్‌ను అణిచిపెడితే, శరీరం దాన్ని తయారుచేసే ఏర్పాట్లు లోపల పెంచుకుంటుంది. మందు తీసేయగానే కొన్నాళ్లు యాసిడ్ మామూలుకన్నా ఎక్కువ వస్తుంది. దీన్ని రీబౌండ్ అంటారు.

డెన్మార్క్‌లో 2009లో అసలు మంటే లేని 120 మంది ఆరోగ్యవంతులతో ఒక ట్రయల్ చేశారు. 8 వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపేస్తే, వాళ్లలో 44 శాతం మందికి ఎసిడిటీ లక్షణాలు వచ్చాయి. ఉత్తుత్తి గోలీ వాడినవాళ్లలో 15 శాతం మందికే. జబ్బే లేనివాళ్లకు కూడా మంట వచ్చిందన్నమాట! కాబట్టి ఆపిన వారంలో మంట వస్తే జబ్బు తిరగబెట్టిందనే అనుకోనక్కర్లేదు.

అందుకే డాక్టర్లు కొందరికి డోసు సగం చేస్తారు, తర్వాత రోజు విడిచి రోజు ఇస్తారు. మధ్యలో మంట వస్తే యాంటాసిడ్‌తో గట్టెక్కమంటారు. కొందరికి నేరుగా ఆపినా ఓకే.

కానీ ఒక హెచ్చరిక. గుండెకు స్టెంట్ వేసుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లకు, కడుపులో రక్తస్రావం కాకుండా కూడా ఈ గోలీ ఇస్తారు. అన్నవాహికలో తీవ్రమైన పుండ్లు, బారెట్స్ ఈసోఫేగస్ ఉన్నవాళ్లకూ ఇది తప్పనిసరి. వీళ్లు సొంతంగా ఆపితే ప్రాణం మీదికే రావచ్చు. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ వాడకూడదని ఎఫ్‌డీఏ సూచన. ఏది వాడాలో డాక్టరే చెప్పాలి.

తిండి విషయంలో ఏం చేయాలి?

కారం మొత్తం మానేయాలా? అందరూ అక్కర్లేదు. ఒకరికి ఆవకాయ పడదు, ఇంకొకరికి అదేమీ కాదు, కానీ రెండో కప్పు టీ తాగితే మంట. రెండు వారాలు ఫోన్‌లోనే నోట్ చేయండి.. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు మంట వచ్చింది. మీ శత్రువు ఎవరో మీకే తెలిసిపోతుంది. మామూలుగా నూనెలో వేయించిన బజ్జీలు, కొవ్వెక్కువ ఉండే బిర్యానీ, చింతపండు పులుసు, టమాటా, కాఫీ, చాక్లెట్, కూల్‌డ్రింకులు, మద్యం అనుమానితుల లిస్టులో ముందుంటాయి.

ఏం తిన్నామన్నదే కాదు, ఎప్పుడు తిన్నామన్నదీ ముఖ్యమే. రాత్రి 11కు తిని 11:30కు పడుకుంటే ఏ గోలీ ఏం చేస్తుంది? తిండికీ నిద్రకూ మధ్య కనీసం 3 గంటలు ఉండాలి. మంచం తలవైపు కాళ్ల కింద చెక్కలో ఇటుకలో పెట్టి 6 నుంచి 8 అంగుళాలు ఎత్తండి. దిండు మీద దిండు వేస్తే మెడ, నడుము వంగుతాయే తప్ప పెద్దగా లాభం ఉండదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే మంట తగ్గుతుంది. ఇక బరువు ఎక్కువున్నవాళ్లు తగ్గితే, దానికి మించిన మందు లేదు.

వంటింటి చిట్కాలు.. ఏది నిజం?

చల్లటి పాలు: తాగగానే హాయిగా ఉంటుంది. కాసేపటికి పాలలోని ప్రొటీన్, క్యాల్షియం మళ్లీ యాసిడ్‌ను ఊరిస్తాయి.

వంట సోడా: మంట తగ్గిస్తుంది, కానీ సోడియం చాలా ఎక్కువ. రోజూ అసలు వద్దు.

పుదీనా: కడుపు ఉబ్బరానికి బాగుంటుంది. కానీ అన్నవాహిక తలుపును వదులు చేస్తుంది, మంట పెరగొచ్చు.

తేనె-నిమ్మరసం, యాపిల్ సైడర్ వెనిగర్: ఇవి కూడా యాసిడ్లే. మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారాలు లేవు.

అల్లం: కొద్దిగా అయితే వికారానికి మంచిదే. ఎక్కువైతే అదే మంట.

జీలకర్ర, వాము, సోంపు: ఉబ్బరానికి కొందరికి హాయినిస్తాయి. మితంగా తీసుకుంటే ఇబ్బంది లేదు, కానీ మందుకు బదులు కాదు.

అతిమధురం: ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

పలుచటి మజ్జిగ: పులిసిపోనిదైతే చాలామందికి పడుతుంది. మీకు పడుతుందో లేదో మీ నోట్‌లోనే చూసుకోండి.

చక్కెర లేని చూయింగ్ గమ్: తిన్నాక అరగంట నమిలితే లాలాజలం ఊరి యాసిడ్‌ను కిందికి కడుగుతుంది. ఖర్చు తక్కువ, నష్టం లేదు.

ఇవి కనిపిస్తే గోలీ కాదు, డాక్టర్!

ముద్ద గొంతులో అడ్డుపడటం, మింగితే నొప్పి, నల్లటి తారులాంటి విరేచనం, రక్తపు వాంతులు, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత.. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయొద్దు. 50 దాటాక కొత్తగా మంట మొదలైనా అంతే. ఎండోస్కోపీ అవసరం కావచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరగా. ఛాతీలో బరువు, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం, చెమటలు, ఆయాసం ఉంటే దాన్ని 'గ్యాస్' అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. షుగర్ ఉన్నవాళ్లలో, మహిళల్లో గుండెపోటు కొన్నిసార్లు అచ్చం గ్యాస్‌లాగే వస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయించండి. చివరికి గ్యాస్ అనే తేలితే పోయేది ఒక గంట టైమే.. కాకపోతే ఆ గంటే ప్రాణం నిలబెడుతుంది.

ఈరోజే ఒక పని చేయండి. ఇంట్లో అమ్మానాన్నల మందుల డబ్బా తీయండి. గ్యాస్ గోలీ షీట్ ఉంటే ఎన్నాళ్లుగా వాడుతున్నారో, ఎవరు రాశారో అడగండి. జవాబు రాకపోతే, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ షీట్ కూడా తీసుకెళ్లండి.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. మందు మొదలుపెట్టాలన్నా, మార్చాలన్నా, ఆపాలన్నా డాక్టర్ సలహా తప్పనిసరి.