నిలిచియున్న కారు ఎందుకు వణకును?

ఎఱ్ఱదీపము ముందు ఆగిన పాత అంబాసిడర్ కారును గమనించినచో ఒక వింత కనిపించును. అంతవరకు రోడ్డుపై సాఫీగా వచ్చిన బండియే ఆగినంతనే వణకనారంభించును. బానెట్టు అదరును, గేరు కడ్డీ ఊగును, తలుపుల అద్దములు గలగలలాడును. సైలెన్సరు గొట్టము నుండి వచ్చు చప్పుడు సమముగా రాక, మధ్య మధ్య ఒక దెబ్బ తప్పుచుండును. మెకానిక్కులు దీనిని 'మిస్సింగ్' అందురు. దీపము పచ్చబడి బండి కదలగానే వణకు మాయమగును. పరుగులో లేని రోగము విశ్రాంతిలో ఏల రావలెను? దీనికి సమాధానము తెలిసినచో రోగస్థానమును కనుగొనుట సగము పూర్తియైనట్లే.

ఆంగ్ల దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును అనుసరించి, కలకత్తా సమీపమున ఉత్తరపాడాలో తయారైన అంబాసిడర్ ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. అయినను కార్బురేటరు గల దాని 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, ఇంజను శాస్త్రము నేర్చుకొనువారికి మంచి పాఠ్యపుస్తకము వంటిది. దానిలో దాపరికము లేదు. ప్రతి భాగమును కంటితో చూడవచ్చును, చేతితో విప్పవచ్చును.

ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లు కలవు. క్రాంకు కడ్డీ రెండు చుట్లు తిరుగులోపల ఒక్కొక్క సిలిండరులో ఒక్కొక్కసారి చొప్పున 1, 3, 4, 2 అను వరుసలో దహనము జరుగును. నిలిచియున్న బండిలో ఇంజను నిమిషమునకు సుమారు 800 చుట్లు తిరుగును. అనగా నిమిషమునకు 1600 దహనములు, సెకనుకు దాదాపు 27. ఇన్ని దెబ్బలు వెంటవెంటనే పడుటచేత చెవికి ఒకే ధ్వనిగా వినబడును. నాలుగింటిలో ఒకటి తప్పినచో క్రాంకు కడ్డీ ఒక్క క్షణము మందగించి, తరువాతి దెబ్బకు మరల ముందుకు దూకును. వేగముగా పోవునప్పుడు ఫ్లైవీలు బరువు ఈ లోటును కప్పివేయును. మందగతిలో ఫ్లైవీలుకు అంత శక్తి యుండదు. కాబట్టి లోపము బయటపడును.

ఇది ఒక కారణము మాత్రమే. ఇంతకంటె ముఖ్యమైనది గాలి సంగతి. యాక్సిలరేటరు పైనుండి కాలు తీసినప్పుడు కార్బురేటరులోని థ్రాటిల్ రేకు దాదాపు మూసికొనిపోవును. పిస్టనులు మాత్రము గాలిని పీల్చుచునే యుండును. కాబట్టి రేకునకు ఆవల, ఇన్‌లెట్ మానిఫోల్డు అను గొట్టములో పీడనము తగ్గిపోవును. సముద్రమట్టమున వాతావరణ పీడనము 76 సెంటీమీటర్ల పాదరసమునకు సమానము గదా! మంచి స్థితిలోనున్న ఇంజను మానిఫోల్డులో అంతకంటె 45 నుండి 50 సెంటీమీటర్లు తక్కువ పీడనము ఉండును. ఇట్టి పాక్షిక శూన్యమునకు ఏ చిన్న సందు దొరికినను బయటిగాలి లోపలికి చొరబడును.

ఆ గాలి ఎంత? ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. ఇంజను ఒక చుట్టు తిరుగునప్పుడు పీల్చు ఘనపరిమాణము 1489లో సగము. నిమిషమునకు 800 చుట్లకు అది సుమారు 595 లీటర్లగును. మానిఫోల్డులో పీడనము వాతావరణ పీడనములో మూడవవంతే గనుక నిజముగా లోపలికి పోవు గాలి 200 లీటర్లకు మించదు. గాస్కెట్టు పగులు గుండా నిమిషమునకు 20 లీటర్లు దొంగతనముగా ప్రవేశించినదనుకొనుడు. అది మొత్తములో పదవవంతు! అదే ఇంజను థ్రాటిల్ పూర్తిగా తెరచి 3000 చుట్లు తిరుగునప్పుడు దాదాపు 1800 లీటర్లు పీల్చును. అప్పుడు ఆ 20 లీటర్లు నూటికి ఒకవంతు మాత్రమే. పైగా థ్రాటిల్ తెరచినప్పుడు శూన్యము తగ్గును గనుక అంత గాలియు రాదు. ఎఱ్ఱదీపము ముందు వణకిన బండి పచ్చదీపము పడగానే కుదుటపడుట ఇందువలననే.

పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్లు గాలి కావలెను. మందగతిలో సిలిండరులో పాత పొగ కొంత మిగిలిపోయి కొత్త మిశ్రమమును పలుచన చేయును. అట్టి మిశ్రమము బద్ధకముగా మండును. అందుచేత ఐడ్లింగ్ సమయమున పెట్రోలు పాలు కొంచెము హెచ్చుగా ఉండవలెను. దొంగగాలి వచ్చి చేరినచో జరుగునది దీనికి సరిగా వ్యతిరేకము.

వణకు కనిపించగానే చాలమంది చేయు పని స్క్రూడ్రైవరు తీసికొని థ్రాటిల్ స్క్రూను బిగించి ఇంజను వేగమును పెంచుట. వణకు తగ్గును, యజమాని సంతోషించును. ఇది జ్వరము చూచు గొట్టమును పగులగొట్టి జ్వరము పోయినదనుట వంటిది. పెట్రోలు ఖర్చు పెరుగును, లోపము లోపలనే ముదురును. అంతేగాక తరువాత వచ్చు మెకానిక్కునకు గుర్తులన్నియు చెరిగిపోవును.

పరీక్ష ఎక్కడ మొదలుపెట్టవలెను? ముందుగా చోటు విషయము. ఇట్టి ఇంజనును మూసిన షెడ్డులో నడిపి పరీక్షించరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినుతో అది ఆక్సిజను కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా కలియును. తల తిరుగుచున్నదని తెలిసికొనునప్పటికి తలుపు దాక నడచు శక్తి మిగలకపోవచ్చును. బండిని ఆరుబయట నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, ఇంజను బాగుగా వేడెక్కిన తరువాతనే పని ప్రారంభింపవలెను.

మొదటి ప్రశ్న: నాలుగు సిలిండర్లును కొంచెము కొంచెము తడబడుచున్నవా, లేక ఒక్కటియే పనిచేయుట లేదా? మెకానిక్కులు దీనిని సులభముగా తేల్చెదరు. ఇంజను తిరుగుచుండగా రబ్బరు పిడి గల పట్టకారుతో ప్లగ్గు తీగెలను ఒక్కొక్కటిగా తీసి, తీగె కొనను ఇంజను లోహమునకు ఆనించి ఉంచెదరు. వేల వోల్టుల విద్యుత్తు గల తీగె గనుక విద్యార్థులు దీనిని దూరము నుండి చూచుటయే మేలు. పనిచేయుచున్న సిలిండరు తీగె తీసినప్పుడు ఇంజను వేగము పడిపోవును. ఏ తీగె తీసినప్పుడు మార్పేమియు కానరాదో ఆ సిలిండరే దోషి.

దోషి ఒక్కటే అయినచో దాని ప్లగ్గును విప్పి చూడవలెను. లేత గోధుమరంగు ఆరోగ్యచిహ్నము. పొడి నల్లమసి పెట్రోలు హెచ్చైనదనును, జిడ్డు నలుపు ఇంజను నూనె పైకి వచ్చుచున్నదనును, తెల్లదనము గాలి ఎక్కువైనదనును. ఆ ప్లగ్గును పక్క సిలిండరుకు మార్చి చూచుట ఇంకను మంచి పరీక్ష. రోగము ప్లగ్గుతో పాటు స్థలము మారినచో ఖర్చు ఒక్క కొత్త ప్లగ్గే. మారనిచో కంప్రెషన్ గేజీ చేతబట్టవలెను. నాలుగు ప్లగ్గులను తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరచి, స్టార్టరుతో ఇంజను తిప్పి కొలువగా మూడింటిలో చదరపు అంగుళమునకు 120 పౌనులు, ఒకదానిలో 70 వచ్చినదనుకొనుడు. ఆ సిలిండరులో చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొలువవలెను. పీడనము పెరిగినచో నూనె పిస్టను రింగుల సందును మూసినదన్నమాట, రింగులే అరిగినవి. పెరుగనిచో వాల్వు సరిగా మూసికొనుట లేదు. ఇట్టి కారుడు కూడ మందగతిలోనే ఎక్కువ బాధించును. 800 చుట్ల వద్ద గాలిని నొక్కుటకు పిస్టనుకు పట్టు కాలము 0.0375 సెకను, 3200 చుట్ల వద్ద అందులో నాలుగవవంతే. వేగము హెచ్చినకొలది కారిపోవుటకు వ్యవధి దొరకదు.

అంబాసిడర్ వాల్వులకు ఒక చరిత్ర కలదు. పూర్వము పెట్రోలులో కలిపిన సీసపు సమ్మేళనము, ఎగ్జాస్టు వాల్వు కూర్చుండు చోట పలుచని పొరగా ఏర్పడి పోత ఇనుమును కాపాడెడిది. సీసము విషము గనుక 2000 సంవత్సరము నుండి దేశమంతట సీసము లేని పెట్రోలే విక్రయింపబడుచున్నది. ఇది ప్రజారోగ్యమునకు గొప్ప మేలు. పాత ఇంజను హెడ్డులో మాత్రము వాల్వు తన పీటను తానే కొద్దికొద్దిగా అరగదీసికొని లోపలికి దిగును, టాపెట్ సందు తగ్గిపోవును, తుదకు వాల్వు పూర్తిగా మూసికొనదు. కాబట్టి టాపెట్ సందును అప్పుడప్పుడు కొలుచుచుండవలెను.

పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి మందగించినచో కథ వేరు. ఈ ఇంజనులో 1, 2 సిలిండర్లకు ఒకే గాలి ద్వారము. 3, 4 సిలిండర్లకు మరియొకటి. ఒక ద్వారము వద్ద గాస్కెట్టు పగిలినచో ఆ జంట రెండును బలహీనమగును. ఆ రెంటి నడుమ హెడ్ గాస్కెట్టు కాలినను ఇదే లక్షణము. కంప్రెషన్ బాగుగానే ఉన్నచో మొదటిది, రెంటిలోను పడిపోయినచో రెండవది.

గాలి చొరబడు సందును కనుగొనుటకు కొందరు కీళ్లపై పెట్రోలు చల్లుదురు. వేడి ఇంజనుపై ఇది అగ్నిప్రమాదమును పిలుచుటయే. ఒక మూర రబ్బరు గొట్టము కొనను చెవి దగ్గర నుంచుకొని, రెండవ కొనను ఫ్యానుకు దూరముగా కీళ్ల వెంబడి నడిపినచో 'ఉస్' మను శబ్దము వినబడును. అక్కడ సబ్బునీరు రాసినచో ఇంజను ధ్వని ఒక్క క్షణము మారును. గాస్కెట్లు బాగున్నచో థ్రాటిల్ ఇరుసును పట్టి ఊపి చూడవలెను. ఏండ్ల తరబడి తిరిగి దాని రంధ్రము వెడల్పగును. పాత కార్బురేటర్లలో ఇది మిక్కిలి సామాన్యము.

శూన్యమును కొలుచు గేజీ ఉన్నవారికి పని మరింత తేలిక. ముల్లు క్రమము తప్పక ఒకే తీరుగా కొట్టుకొనుచున్నచో ఒక వాల్వును అనుమానింపవచ్చును. కదలక తక్కువగా నిలిచినచో గాలి కారుడో, ఇగ్నిషన్ టైమింగ్ వెనుకబడుటయో కారణము. సముద్రమట్టమునకు 540 మీటర్ల ఎత్తుననున్న హైదరాబాదులో గేజీ విశాఖపట్టణములో కంటె నాలుగైదు సెంటీమీటర్లు తక్కువ చూపును. అది ఇంజను తప్పు కాదు, వాతావరణ పీడనమే అక్కడ తక్కువ.

2025 నాటికి దేశములో పెట్రోలునందు ఇథనాలు కలపుట 20 శాతమునకు చేరినది. ఇథనాలులో ఆక్సిజను ఉన్నది గనుక ఈ మిశ్రమమునకు 14.7 పాళ్ల గాలి అక్కరలేదు, 13.5 చాలును. పాత కార్బురేటరునకు ఈ సంగతి తెలియదు. ఏ లోపమును లేని బండికూడ దీనివలన ఎనిమిది తొమ్మిది శాతము గాలి ఎక్కువై తడబడవచ్చును. ఇథనాలు పాత రబ్బరు గొట్టములను పాడుచేయును, ట్యాంకులోని జిగట మురికిని కదలించి జెట్టులోనికి తెచ్చును. ఐడ్లింగ్ జెట్టు రంధ్రము వెండ్రుకల కట్ట పట్టనంత సన్ననిది. ఇసుక రేణువొక్కటి చాలును. దానిని తీగెతో పొడువక, గాలి ఊది శుభ్రపరచవలెను.

సోలెక్స్ రకపు కార్బురేటరులో మిశ్రమపు స్క్రూను మెల్లగా మూసినచో ఇంజను తడబడి ఆగిపోవలెను. పూర్తిగా మూసినను ఆగనిచో ఎవరో థ్రాటిల్ స్క్రూను మితిమీరి బిగించినారని, ఇంజను వేరే రంధ్రముల నుండి పెట్రోలు పీల్చుచున్నదని తెలిసికొనవచ్చును. అప్పుడు థ్రాటిల్ స్క్రూను వదులుచేసి, మిశ్రమపు స్క్రూను ఇంజను అన్నిటికంటె వేగముగా, సమముగా తిరుగు స్థానమునకు తెచ్చి, మరల థ్రాటిల్ స్క్రూతో 800 చుట్లకు దించవలెను. రెండు మూడు మారులు ఇట్లు చేసిన పిమ్మట సైలెన్సరు గొట్టము చివర ఒక కాగితపు ముక్క పట్టి చూడవలెను. కాగితము ఒకే తీరున బయటికి రెపరెపలాడుచున్నచో పని ముగిసినట్లే. నడుమ నడుమ గొట్టమువైపు లాగబడుచున్నచో ఎక్కడనో ఒక ఎగ్జాస్టు వాల్వు ఇంకను మూసికొనుట లేదు. హెడ్డు దింపక తప్పదు.